ఆరు ముళ్ళ తాడు

మా మనవరాలు ఆదివారం బడి నుంచి రంగు కాగితాల గొలుసొకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఒక్కో కాగితం ముక్క మీద ఒక్కో ప్రార్థన రాసి, దాన్ని చుట్టి, చివర్లు జిగురుతో అతికించి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసు చెయ్యాలట. టీచరు సగమే చేయించి, మిగతాది ఇంట్లో పెద్దవాళ్ళ సాయంతో పూర్తి చెయ్యమందట. పెద్దవాళ్ళంటే పనీ పాటా ఉన్నవాళ్ళు కాదు కదా, నేనే. సరేనని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. దాని ప్రార్థనలు చదివితే నవ్వొచ్చింది. లెక్కల్లో మార్కులు రావాలి, కొత్త చెప్పులు కావాలి, పక్కింటి కుక్క చచ్చిపోకూడదు. "నువ్వు కూడా చిన్నప్పుడు ఇలాంటివి చేశావా మామ్మా?" అని అడిగింది. చేశానన్నాను. మరి దేవుడు విన్నాడా అంది. జిగురు ఆరనీ, చెప్తానన్నాను. అది కాసేపు చూసి ఆటకు పోయింది. నేను జిగురు వేళ్ళతో అలాగే కూర్చుండిపోయాను.

మాది కొండల నడుమ చిన్న పల్లె. ఇరవై గడపలుంటాయేమో. చలికాలం వస్తే పొద్దెక్కే దాకా మంచు కదిలేది కాదు, పక్కింటి వాళ్ళు దగ్గితేనే పక్కన ఇల్లుందని తెలిసేది. మంచు విడిచాక చూస్తే లోయ నిండా వలిసె పూలు. పసుపు ఆరబోసినట్టుండేది. ఆ పూలకు గొప్ప వాసనేమీ లేదు, కానీ వాటి మధ్య నడిచొస్తే బట్టలకూ జుట్టుకూ పుప్పొడి అంటుకుని పచ్చి నూనె వాసన వచ్చేది. పొయ్యి మీద ఉడికే కందికాయల వాసన, పొగచూరిన గడ్డికప్పు వాసన, మేక పిల్లల వాసన, ఇవన్నీ కలిసిందే మా ఇంటి వాసన. ఇప్పుడు అగరొత్తులు వెలిగించుకుంటున్నాం కానీ నాకు మంచి వాసనంటే అదే.

ఆ ఇంట్లో నేను చెప్పబోయే చలికాలానికి ముందు ఏడాది దాకా మా అవ్వ ఉండేది. అయ్యకు తల్లి. ముక్కుకు మూడు ముక్కెరలు, చెవి చుట్టూ వరసగా పోగులు, చేతుల నిండా పచ్చబొట్లు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో నిప్పు ఉండగానే నన్ను తిట్టగలిగేది, అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు. రాత్రిళ్ళు నేను పడుకునేది ఆవిడ పక్కనే.

అయ్యకు ఒకసారి మన్యం జ్వరం తగిలి చచ్చి బతికాడు. మైదానం నుంచి వచ్చిన మిషను పంతులుగారు మందిచ్చి, పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేశారు. అయ్య లేచి కూర్చున్నాక ఆ దేవుణ్ణే నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాడు. అవ్వ మాత్రం కొడుకు బతికింది తాను కొండదేవతకు మొక్కిన మొక్కు వల్లనేనని అనేది. ఇద్దరూ ఎవరి మాట వారిదిగా ఒకే ఇంట్లో బాగానే ఉన్నారు. ఆదివారం అయ్య ప్రార్థన పాకకు వెళ్తే అవ్వ ఇల్లు చూసుకునేది.

చిక్కంతా కొత్త సామల దగ్గర వచ్చింది. మా కొండల్లో కొత్త పంట చేతికొస్తే ముందు వండి చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఆ తరవాతే బతికున్నవాళ్ళు నోట్లో పెట్టుకోవాలి. అప్పటిదాకా పసిపిల్లకు కూడా ఒక్క గింజ ఇవ్వరు. ఆ ఏడు కోసిన మొదటి పన, అంటే మొదటి కట్ట, పాకకు తెచ్చి దేవుడికి ఇమ్మన్నారు పంతులుగారు. అయ్య ఇచ్చాడు. ప్రార్థన అయ్యాక అక్కడే వండారు, అక్కడే తిన్నాడు. సాయంత్రానికల్లా అవ్వకు తెలిసింది. ఆవిడ అరవలేదు. తన కుండ, కత్తి, చుట్టాకుల సంచి మూట కట్టుకుంది. "పెద్దలకి పెట్టకుండా తిన్న ఇంట్లో నాను సెయ్యి కడగను" అని మాత్రం అంది, అంటే ఇక అక్కడ అన్నానికి కూర్చోనని. అయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అంటే ఆగేదేమో. అనలేదు. మొండితనం ఆ తల్లి నుంచే వచ్చింది మరి.

అవ్వ ముంచింగిపుట్టు వైపున్న తన పుట్టినూరికి వెళ్ళిపోయింది. కోడి కూసే వేళకు బయల్దేరితే పొద్దు వాలేసరికి చేరే దూరం. అక్కడ ఆవిడ అన్న చనిపోయి ఇల్లు ఖాళీగా ఉంది. అందులో ఒక్కతే ఉంటోందని సంతకొచ్చిన వాళ్ళు చెప్పేవారు. అయ్య వినేవాడు, తల ఊపేవాడు, ఉప్పు కొనుక్కుని వచ్చేసేవాడు. అమ్మ రెండు మూడుసార్లు కదిపి చూసి ఊరుకుంది. నేను అవ్వ పడుకునే చోట ఒంటరిగా పడుకోలేక ఏడ్చేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళుంటాయి. నాకు లోకంలో కావలసిందల్లా ఒక్కటే, అవ్వ తిరిగి రావాలి.

ఇక మా పంతులమ్మగారి సంగతి. పంతులుగారికి ఆ చలికాలమంతా జ్వరమే. అందుకని పిల్లలం ఆవిడ చేతిలో పడ్డాం. సన్నగా, తెల్లగా, సముద్రం పక్క ఊరి మనిషి. మా చలికి తట్టుకోలేక చీర మీద చీర కట్టుకునేది. ఉన్న పలకలు అయిదు, పిల్లలం పదిహేను మందిమి. పుస్తకం తెరిస్తే మేం కునుకు తీసేవాళ్ళం. చేతులు ఖాళీగా ఉంటే మీ మనసు అడవి పట్టి పోతుందర్రా అనేది ఆవిడ. మేం ఉన్నదే అడవిలో కదా అని మాలో మేం నవ్వుకునేవాళ్ళం. చివరికి పుస్తకం మూసి, దేవుడి సంగతులన్నీ మా చేతులతోనే చేయించడం మొదలుపెట్టింది.

తప్పిపోయిన గొర్రె కథ చెప్పి, పుట్టమన్ను తెచ్చి గొర్రెను చెయ్యమంది. మాలో ఎవరూ గొర్రెను చూసిన పాపాన పోలేదు. తలా ఒక మేకను చేశాం. నేను చేసినదానికి దున్నపోతు కొమ్ములంత కొమ్ములు పెట్టాను. గొర్రెకు ఇంతింత కొమ్ములేమిటమ్మా అందావిడ. "కొమ్ములు నేకపోతే ఏటి పట్టుకుని ఇంటికి లాక్కొత్తాడమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ కొమ్ముల గొర్రెను పాక కిటికీలో పెట్టింది. నాకు ఆ రోజంతా నేల మీద కాలు ఆనలేదు.

రోజూ తిండి పెట్టమని అడిగే ప్రార్థన నేర్పిన రోజున చోడిపిండి, అదే రాగిపిండి, తెప్పించి, అడ్డాకుల మధ్య తట్టించి, నిప్పుల్లో కాల్పించింది. కాలిన ఆకు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. రొట్టె విరిచి పెద్ద ముక్క పక్కవాళ్ళకు ఇవ్వాలి, అదీ పాఠం. అందుకని నేను మంచి మనసున్న పిల్లలను ముందే చూసుకుని వాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. ఒకసారి నాలాంటిదే ఇంకో ఆడగుంట నా పక్కకు చేరింది. ఇద్దరం సగానికి సగం కొలిచినట్టు విరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కొండవాగు గెడ్డ ఒడ్డున కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి, చెవిన పడ్డ ఒక్కో చప్పుడుకు ఒక్కో గులకరాయి ఆనపబుర్రలో వెయ్యమనేది. నీళ్ళు, పిట్ట, ఎవరో గొడ్డలితో కొడుతున్న చప్పుడు, నా పక్క పిల్ల కడుపులో గుడగుడ. రాళ్ళు అయిపోయాక ఊరికే వినండి, మీరు మాట్లాడక్కర్లేదు, అది కూడా ప్రార్థనే అనేది. నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఆవిడ ఎండలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. రాత్రిళ్ళు భర్తకు కాపలా కాసి పగలు మాకు పాఠం చెప్పేదని అప్పుడు నాకు తెలియదు.

అలాగే ఒక సోమవారం ముళ్ళ పాఠం చెప్పింది. అందరం అడ్డతీగ బెరడు పళ్ళతో చీరి నార తీశాం. నోరంతా వగరు. దేవుణ్ణి ఏది అడగాలనుకుంటే దానికో ముడి వెయ్యండి, ఏమడిగారో ఎవరికీ చెప్పకండి, పొద్దునా సాయంత్రం ఆ ముడి తడిమి అడగండి, ఆయన విన్నాక విప్పెయ్యండి అంది. దేవుడెక్కడుంటాడని ఎవరో అడిగారు. అంతటా ఉంటాడు, అందులోనూ ఎవరూ లేక ఒంటరిగా ఉన్నవాళ్ళ పక్కనే కూర్చుని ఉంటాడు అని చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్ళకు ముడి అంటే పిలుపు. పెళ్ళికో, కొత్త పంట పండక్కో, పెద్దల దినానికో చుట్టాలను పిలవాలంటే నారతాడు పంపేవాళ్ళం. పండగ ఎన్నో రోజైతే అన్ని ముళ్ళు. అందుకున్నవాళ్ళు రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పుతారు. దారిలో తెల్లారితే మోసుకెళ్ళేవాడే ఆ రోజు ముడి విప్పుతాడు. ఆఖరి ముడి విప్పిన రోజున బయల్దేరి వచ్చెయ్యాలి. తాడందుకుని రాకపోతే చుట్టరికం తెగిపోయినట్టే. పంతులమ్మగారికి ఇదేమీ తెలియదు. మేమూ చెప్పలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరికైనా పనిగట్టుకుని చెబుతామా?

ఆవిడ అడగడమంటే, నేను పిలవడం అనుకున్నాను. ముళ్ళేసి దేవుణ్ణి పిలవాలన్నమాట. అంతవరకూ బాగానే ఉంది. కానీ తాడు నా మొలకే కట్టుకుంటే ఆయనకెలా అందుతుంది? తాడన్నది పంపాలి కదా. ఎక్కడికి పంపాలన్నదీ పంతులమ్మగారే చెప్పింది, ఒంటరిగా ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని ఉంటాడని. నాకు తెలిసి ఒంటరిగా ఉన్నది మా అవ్వ ఒక్కతే. అంటే దేవుడు ముంచింగిపుట్టు వైపు మా అవ్వ ఇంట్లో ఉన్నాడు. తాడు అక్కడికి పంపితే చూసుకుని, వస్తూ వస్తూ అవ్వను వెంటబెట్టుకుని వస్తాడు. నాకు అంతా తేటగా కనిపించింది. దేవుడు బాగా ముసలివాడై ఉంటాడు, నడక మెల్లగా ఉంటుంది, తొందరపెట్టకూడదని ఆరు ముళ్ళు వేశాను. నా తాడు చూసి పంతులమ్మగారు, ఈ పిల్ల ఆరు సంగతులు అడుగుతోంది చూడండర్రా అని మెచ్చుకుంది.

ఆ మధ్యాహ్నమే మా కొండల పెత్తందారు ముఠాదారు కబుర్లు ఊరూరా మోసే బారిక మా పల్లె మీదుగా అటు వెళ్తున్నాడు. తెల్లటి మీసాల తాత. పరుగెత్తుకెళ్ళి తాడు చేతిలో పెట్టాను. "ఎవల కాడికే గుంటా?" అన్నాడు. అవ్వ దగ్గరికని చెప్పాను. దేవుడి పేరు చెప్తే నవ్వుతాడని భయం. "మీ అయ్య పంపినాడేటి?" అన్నాడు. నేను తల ఊపాను. నా చిన్నతనంలో ఆడిన అబద్ధాల్లో నోరు విప్పకుండా ఆడింది అదొక్కటే. ఆయన తాడు కళ్ళకద్దుకుని తలపాగాలో దోపుకున్నాడు.

నాలుగు రోజులు గాల్లో తేలినట్టు తిరిగాను. నీ తాడేదని పంతులమ్మగారు అడిగితే భద్రంగా ఉందన్నాను. శుక్రవారం సాయంత్రం ఎక్కడి నుంచో మా ఇంటికి పెళ్ళి తాడొకటి వచ్చింది. అయ్య దాన్ని వాసానికి కట్టాడు. అమ్మ కందికాయలు ఒలుస్తూ ఎవరింటి సంగతో చెప్పుకొచ్చింది. వెనకటికి ఒక ఇంటివాళ్ళు తాడు పంపి, మరిచిపోయి, పొయ్యి వెలిగించలేదట. వచ్చిన చుట్టాలు చల్లారిన పొయ్యి చూసి, కుండ బోర్లించి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వెళ్ళిపోయారట. ఆ తరవాత ఆ గడప ఎవరూ తొక్కలేదట.

చేతిలో ఉన్న కందికాయలు చాటలో పడేశాను. మా ఇంట్లో పండగ ఏది? అవ్వ వస్తుంది. దేవుడు వెంట ఉన్నా లేకపోయినా తాడందుకున్నాక వచ్చి తీరుతుంది. వచ్చి చూస్తే ఏమీ ఉండదు. పోయిన ఏడు కోపంతో వెళ్ళిన మనిషి, ఈసారి పరువు పోయి వెళ్తుంది. ఇక ఎప్పటికీ రాదు. నేను అవ్వను పిలిచి పిలిచి శాశ్వతంగా పోగొట్టుకోబోతున్నాను. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. జ్వరమేమోనని అమ్మ నుదురు తడిమి చూసింది.

తెల్లవారి పాకకు పోయి పంతులమ్మగారికి చెప్పేశాను. ముందు ఆవిడకు అర్థం కాలేదు. ముడి అంటే మీకు పిలుపా అని రెండుసార్లు అడిగింది. అర్థమయ్యాక నా పక్కనే నేల మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నా మొహం చూసి, "తప్పు నాదమ్మా. మీ చేతులకు ముందే ఏం తెలుసో అడక్కుండా ముళ్ళు వేయించాను" అంది. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. నాకు ఇంకా ఏడుపొచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

అయ్య పెరట్లో వెదురు చీలుస్తున్నాడు. పంతులమ్మగారు అంతా చెప్పింది. అయ్య కత్తి కింద పెట్టి ఎన్ని ముళ్ళు వేశావని అడిగాడు. ఆరన్నాను. ఏ రోజు ఇచ్చావన్నాడు. సోమవారమన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, అయితే రేపే అన్నాడు. దారికి ఎవరినైనా పంపి, పొరపాటైందని ఆవిడకు చెప్పిద్దామా అంది పంతులమ్మగారు. అయ్య చీల్చిన బద్దలు ఒక పక్కకు నెట్టాడు. "ఎల్లిన తాడుని ఎనక్కి తేలేమమ్మా. తోవలో ఆపీసి పొమ్మంటే నా తల్లి సచ్చిపోద్ది" అన్నాడు. తరవాత అమ్మ వైపు తిరిగి సామలు దంచమన్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రేపు అవ్వకు ఏమని చెప్తాడో మాలో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం అమ్మకు కూడా లేకపోయింది.

ఆ రోజు పాకలో పాఠం లేదు. పిల్లలందరినీ మా పెరట్లో దించింది పంతులమ్మగారు. కొందరు అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు, డొప్పలు కుట్టారు. కొందరు ఎర్రమన్ను తెచ్చి గోడలకు పూశారు, గోడల కంటే ఎక్కువ ఒళ్ళకే పూసుకున్నారు. ఒకడు కోడిగుడ్డు తెచ్చాడు, వాళ్ళమ్మకు చెప్పి తెచ్చాడో లేదో. ఒక పిల్ల తేనె తెచ్చింది. క్రిస్మస్‌కని దాచుకున్న బెల్లం దిమ్మ పంతులమ్మగారే మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టింది. మధ్యలో నేను ఆ దిమ్మలోంచి ఒక ముక్క చిదిమి నోట్లో వేసుకున్నాను. భయం భయమే, బెల్లం బెల్లమే.

ఆదివారం ప్రార్థన తొందరగా ముగిసింది. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, ఎండు చేప కాల్చిన వాసన పల్లెంతా పాకింది. పొద్దు పడమటికి తిరిగాక వలిసె తోట మధ్య బాటలో అవ్వ కనిపించింది. చంకలో ఎర్ర కోడిపెట్ట, నోట్లో చుట్ట, చీర కుచ్చెళ్ళ నిండా పసుపు పుప్పొడి. వెనక ఎవరైనా ముసలాయన వస్తున్నాడేమోనని నేను చూశాను. ఎవరూ లేరు.

అవ్వ పెరటి అంచున రాయి మీదే కూర్చుంది, లోపలికి రాలేదు. అమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అవ్వ కళ్ళు ఇల్లంతా కలియతిరిగాయి. పందిరి లేదు, డప్పు లేదు, చుట్టాలు లేరు, మట్టి పూసుకున్న పిల్లలు తప్ప. "ఏ పండగరా?" అంది అయ్యను చూసి. "సుట్టాలేరీ?" అంది. చంకలోని కోడిని ఇంకా కింద పెట్టలేదు. అది కింద పెడితే ఉన్నట్టు, లేకపోతే వెళ్ళినట్టు. నేను పంతులమ్మగారి చీర కొంగు వెనక నుంచి బయటికొచ్చి చెప్పబోయాను.

అయ్య రెండడుగులు ముందుకేసి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు.

"పండగేటీ నేదమ్మా. ఆ తాడు గుంట ఏసి పంపినాది" అన్నాడు. తల దించుకున్నాడు. "నాను ఎయ్యాల్సింది."

అవ్వ చుట్ట నోట్లోంచి తీసి రాయికేసి ఆర్పింది. కొడుకును చూసి చూసి, "సన్నబడిపోనావురా" అంది. కోడిని అమ్మ చేతికిచ్చింది. నా వైపు తిరిగి, "సూత్తా నిలబడినావేటే, సెయ్యి కడుక్కోడానికి నీలు తే" అంది.

నేను ముంత పట్టుకుని పరుగెత్తుకొచ్చి సగం నీళ్ళు ఆవిడ చీర మీదే పోశాను. అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు లోయ అవతలికి వినపడి ఉంటుంది.

విస్తళ్ళు వేశారు. అవ్వ మొదటి ముద్ద తీసి వేరే ఆకులో పెట్టి, గోడ వారగా ఉంచి, పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంది. చాలా పేర్లు. మేమంతా పంతులమ్మగారి మొహం చూశాం. ఆవిడ తన విస్తరి వైపే చూస్తూ కూర్చుంది, ముద్ద కలపలేదు. అవ్వ పేర్లు అయిపోయాక అయ్య కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేశాడు. అవ్వ అన్నంలో చెయ్యి పెట్టుకుని ఆగింది. అయ్య కళ్ళు తెరిచాక, "అయినాదేటి?" అని అడిగి, అప్పుడు తిన్నది. అంతే. ఆ రోజు మా పెరట్లో ఎవరూ ఎవరినీ మార్చలేదు. ఆకలి మీద ఉన్నాం, అందరం తిన్నాం. దేవుడు రాలేదేమిటని నేను చివర్లో అడిగితే, వచ్చాడు లేమ్మా అని పంతులమ్మగారు కళ్ళు తుడుచుకుంది.

అవ్వ మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఎర్ర కోడిపెట్ట మా ఇంట్లోనే పొదిగింది. అవ్వ చనిపోయే దాకా ఒక్కసారి కూడా పాక గడప తొక్కలేదు, అయ్య ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఆదివారాలు మేం తిరిగొచ్చేసరికి వేడి అంబలి కాచి ఉంచేది. కొత్త సామలప్పుడు ఆవిడ ముద్ద ఆవిడ పెట్టుకునేది, అయ్య పన అయ్య పాకకు మోసేవాడు. ఏది ముందు అన్న గొడవ రాకుండా రెండూ ఒకే పొద్దున జరిగేట్టు అమ్మ చూసుకునేది. మిషను పెద్దాయన ఒకరు ఏటికోసారి వచ్చి చూసేవారు. పెరట్లో ముద్ద సంగతి ఆయన చెవిన పడి పంతులమ్మగారిని గట్టిగానే అన్నారని విన్నాం. మరుసటి వేసవికి వాళ్ళిద్దరినీ కింద మైదానానికి పంపేశారు. ఆ మాటల వల్లనో, పంతులుగారి జ్వరం వల్లనో మాకు తెలియదు. వెళ్తూ నా తల నిమిరి, నా కొమ్ముల గొర్రెను పాత గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకుంది.

తరవాత వచ్చిన పంతులు పుస్తకం మనిషి. మట్టి ముట్టనిచ్చేవాడు కాదు. ప్రార్థనలు గడగడ అప్పజెప్పించేవాడు, మేమూ అప్పజెప్పేవాళ్ళం. ఇప్పుడా పాక లేదు, మా ఇల్లూ లేదు. తాళ్ళు పంపేవాళ్ళూ లేరు, కార్డులు అచ్చేసి పంచుతున్నారు. పంతులమ్మగారు ఆ తరవాత ఎక్కడున్నదో, ఎంతకాలం ఉన్నదో ఎవరూ చెప్పలేదు. ఆవిడను తలుచుకుంటే నాకు ప్రార్థన కంటే ముందు ఎండలో కూర్చుని నిద్రపోయిన ఆ మొహమే గుర్తుకొస్తుంది. పాపం, ఎంత అలిసిపోయి ఉండేదో.

అవ్వ వచ్చిన రెండేళ్ళకనుకుంటాను, ఒక పొద్దున ఎండలో కూర్చోబెట్టుకుని నా తలకు వలిసె నూనె రాస్తోంది. ఆ నాటి అబద్ధం నా మనసులో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయ్య పంపాడని బారికతో అబద్ధం చెప్పి నిన్ను మోసం చేశాను కదవ్వా అన్నాను.

అవ్వ నవ్వింది. "మోసమేటే. తాడు సూడగానే తెల్సినాది నాకు. మీ అయ్య ముడి నాకు తెల్దేటి, నేర్పినదాన్ని నానే గదా. అది సిన్నపిల్ల ముడి."

తెలిసి కూడా ఎందుకొచ్చావని అడిగాను.

అవ్వ అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది. "ఏడాది బట్టి తోవ సూత్తన్నాను. ఎవలో ఒకలు పిలిసినారు గదా" అంది. అని నా తల పక్కకు తిప్పి, చిక్కు తీయడం మొదలుపెట్టింది.